అత్తయ్యది దిగులా, మతిమరుపా?

పేరు వేయవద్దని కోరుతూ ఒక కోడలు రాసిన ఉత్తరం ఇది. చాలా పెద్దది కాబట్టి ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ ఇస్తున్నాను.

ఆవిడ అత్తగారికి 71 ఏళ్లు. లెక్కల టీచరుగా పనిచేసి రిటైరయ్యారు. ఏడాది కిందట సొంత చెల్లెలు చనిపోయింది. "మొదటి రెండు నెలలూ బాగా ఏడ్చారు, సహజమే అనుకున్నాం. తర్వాత ఏడుపు ఆగిపోయింది గానీ మనిషి తేరుకోలేదు" అని రాశారు. రోజూ పేపర్లో గళ్ల నుడికట్టు నింపనిదే పేపరు ఇంకొకరి చేతికివ్వని మనిషి ఇప్పుడు దాన్ని ముట్టుకోవడం లేదు. ముప్పై ఏళ్లుగా ఇంటి ఖర్చులు రాసే నోటుపుస్తకంలో గత నాలుగు నెలల పేజీలూ ఖాళీ. అంతకుముందు నెల కరెంటు బిల్లు రెండుసార్లు రాసి ఉంది, కూడిక తప్పింది. తెల్లవారుజామున మూడింటికే లేచి మంచం మీద కూర్చుంటున్నారు. బరువు తగ్గారు. ఏమడిగినా "ఏమోనమ్మా, నా బుర్ర పనిచేయట్లేదు" అంటున్నారు. ఒకరోజు నడకకు వెళ్లి వస్తూ, రోజూ వచ్చే దారిలోనే ఇంటి మలుపు దాటి ముందుకు వెళ్లిపోయారు. "చెల్లెలితో పాటు నేనూ పోయుంటే బాగుండేది" అని ఒకటి రెండుసార్లు అన్నారట.

ఇంట్లో తలా ఒక మాట. భర్త "వయసు మీద పడితే ఎవరికైనా ఇంతే" అంటారు. అంటూనే పరీక్ష పెడుతుంటారు: "అమ్మా, పదిహేడు ఎనిమిదులు ఎంత? నిన్న ఎవరొచ్చారు?" అని. ఆవిడ జవాబివ్వకుండా లేచి లోపలికి వెళ్లిపోతారు. వేరే ఊళ్లో ఉన్న ఆడపడుచు "ఫోన్లో నాతో శుభ్రంగా మాట్లాడుతోంది, మీరే లేనిపోనివి ఊహించుకుంటున్నారు" అంటుంది. మామగారికి సైకియాట్రిస్ట్ మాట ఎత్తితేనే కోపం. అత్తగారి తల్లికి చివరి రోజుల్లో బాగా మతిమరుపు వచ్చింది, అదీ ఒక భయం. డాక్టరు ఏడాది కిందట రాసిచ్చిన నిద్రమాత్ర ఇంకా నడుస్తోంది. వినికిడి మిషన్ కొన్నారు గానీ సొరుగులోనే ఉంది.

ఇవీ ఆవిడ ప్రశ్నలు. ఇది డిప్రెషనా (దిగులు జబ్బు), డిమెన్షియానా (మతిమరుపు జబ్బు)? పెద్దవయసులో డిప్రెషన్ ఉంటే డిమెన్షియా ముప్పు రెట్టింపని చదివాను, అంటే ఇప్పటికే ఆలస్యమైపోయిందా? డిప్రెషన్ మందులు మొదలుపెడితే ఉన్న జ్ఞాపకశక్తీ పోతుందా? ఎవరి దగ్గరికి తీసుకెళ్లాలి, ఎలా? అసలు అత్తయ్యకు ఏమని చెప్పాలి?

*

మీరు రెండు పంక్తుల్లో రాసి దాటేసిన విషయంతోనే మొదలుపెడతాను. "నేనూ పోయుంటే బాగుండేది" అన్న మాట. దుఃఖంలో ఉన్నవాళ్లు అలా అనడం కొత్తేమీ కాదు, చాలామంది అన్నంత మాత్రాన ఏమీ చేసుకోరు. కానీ పెద్దవయసులో దీన్ని మాటవరసకు అన్నదని కొట్టిపారేయకూడదు. ఆ వయసువాళ్లలో చాలామంది ముందుగా ఎవరికీ చెప్పరు, బెదిరించరు, ప్రయత్నిస్తే బతికి బయటపడే అవకాశమూ తక్కువే. కాబట్టి ఈ వారంలోనే, ఇంట్లో ఎవరూ లేని సమయం చూసి, ఆవిడకు బాగా చనువున్న ఒకరు సూటిగా అడగండి. "అత్తయ్యా, ఆ రోజు అలా అన్నారు కదా, బతకాలని అనిపించట్లేదా? ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన ఎప్పుడైనా వస్తోందా?" అని. అడిగితే లేని ఆలోచన పుట్టించినవాళ్లమవుతామేమో అని జంకుతారు. అలా జరగదు. ఎన్నో అధ్యయనాల్లో తేలిన విషయమిది, పైగా అడిగాక చాలామంది గుండె బరువు దిగినట్టు మాట్లాడతారు. "అవును" అంటే, లేదా ఎలా అన్న ఆలోచన కూడా ఉందని తెలిస్తే ఆవిడను ఒంటరిగా వదలకుండా అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లాలి. "లేదు" అన్నా సరే, ఇంట్లో ఉన్న మాత్రలన్నీ, ముఖ్యంగా ఆ నిద్రమాత్రలు, మీ దగ్గర పెట్టుకుని ఏ పూటవి ఆ పూట ఇవ్వండి.

ఇక మొదటి ప్రశ్న. ఉత్తరం చదివి జబ్బు పేరు చెప్పేవాళ్లను నేను నమ్మను, నేనూ చెప్పను. కానీ మీరు రాసిన వివరాల్లో కొన్ని ఒకవైపు మొగ్గుతున్నాయి, కొన్ని రెండోవైపు. అవేమిటో మాత్రం చూద్దాం.

నాకు అన్నిటికన్నా పనికొచ్చిన వాక్యం "నా బుర్ర పనిచేయట్లేదు" అని ఆవిడే అంటున్నారన్నది. డిమెన్షియా మొదలైన చాలా ఇళ్లలో కథ తిరగబడి ఉంటుంది. ఇంట్లోవాళ్లు గాభరా పడుతుంటారు, అసలు మనిషేమో "నాకేం, బాగానే ఉన్నాను" అంటుంటారు. జవాబిచ్చే తీరు కూడా వేరు. నిన్న ఎవరొచ్చారని అడిగితే డిమెన్షియా ఉన్నవాళ్లు ఏదో ఒక పేరు చెప్పేస్తారు, అది తప్పయి ఉంటుంది, లేదా "అదే, వాడే" అని మాట మార్చేస్తారు. డిప్రెషన్‌లో ఉన్నవాళ్లు ప్రయత్నించకుండానే "ఏమో, తెలీదు" అంటారు. మెదడులో జవాబు లేక కాదు, వెతికే ఓపిక లేక. ఇంకొకటి, ఎప్పుడు మొదలైందంటే మీరు ఫలానా అప్పుడని వేలు పెట్టి చూపించగలుగుతున్నారు. డిమెన్షియా సాధారణంగా ఎవరికీ తెలియకుండా చాపకింద నీరులా వస్తుంది, ఏ ఏడాది మొదలైందో కూడా ఇంట్లోవాళ్లు సరిగా చెప్పలేరు. తెల్లవారుజామునే మెలకువ రావడం, బరువు తగ్గడం, ఇష్టమైన పనులు వదిలేయడం, ఇవన్నీ డిప్రెషన్ వైపు చూపిస్తున్నాయి.

డిప్రెషన్ వల్ల డిమెన్షియాలా కనిపించే ఈ స్థితి డాక్టర్లకు ఎప్పట్నుంచో తెలుసు. 1961లో లెస్లీ కైలో అనే సైకియాట్రిస్ట్ రాసిన వ్యాసం తర్వాత దీనికి 'సూడో డిమెన్షియా' అన్న పేరు స్థిరపడింది. పెద్దవాళ్లలో డిప్రెషన్‌ను అంచనా వేయడానికి వాడే 15 ప్రశ్నల పట్టిక ఒకటుంది. అందులో "మిగతావాళ్లకన్నా మీకు జ్ఞాపకశక్తి సమస్యలు ఎక్కువని అనిపిస్తోందా?" అని ఒక ప్రశ్న. ఔనంటే అది డిప్రెషన్ ఖాతాలోకి ఒక మార్కు. మతిమరుపు గురించిన బెంగ కూడా దిగులు లక్షణాల్లో ఒకటని దీన్నిబట్టే తెలుస్తుంది.

ఇప్పుడు రెండోవైపు. తెలిసిన దారిలో మలుపు దాటిపోవడం, జీవితమంతా లెక్కలు చెప్పిన మనిషికి కూడిక తప్పడం, ఈ రెండూ నాకు కొంచెం ఇబ్బందిగానే అనిపించాయి. పరధ్యానం కావచ్చు, నిద్రమాత్ర మత్తు కావచ్చు, డిమెన్షియాకు మొదలు కూడా కావచ్చు. ఒక్కసారి జరిగినదాన్ని పట్టుకుని ఏదీ తేల్చలేం. అదే మళ్లీ మళ్లీ జరిగితే, తెలిసిన వస్తువుల పేర్లు తట్టకపోతే, చెప్పిందే పది నిమిషాల్లో మళ్లీ చెబుతుంటే, అప్పుడు త్రాసు అటు మొగ్గుతుంది. ఇంకో చిక్కు, ఈ రెండూ ఒకే మనిషిలో కలిసి ఉండొచ్చు. 'ఇదా, అదా' అని మీరు అడిగారు గానీ జవాబు 'రెండూ కొంత కొంత' అని కూడా రావచ్చు.

"రెట్టింపు" అన్న మాటకు వద్దాం. మీరు చదివింది అబద్ధం కాదు. 2013లో అనేక అధ్యయనాలను కలిపి లెక్కగట్టినప్పుడు, పెద్దవయసులో డిప్రెషన్ ఉన్నవాళ్లకు ఏదో ఒక రకం డిమెన్షియా వచ్చే అవకాశం దాదాపు 1.85 రెట్లని తేలింది. డిమెన్షియాలో ఎక్కువగా కనిపించే రకమైన అల్జీమర్స్‌కైతే 1.65, మెదడు రక్తనాళాలు దెబ్బతిని వచ్చే రకానికైతే సుమారు 2.5. కానీ దేనికి రెట్టింపు అన్నది చూడాలి. ఉదాహరణకు, ఒక వయసులో వందమందిలో పదిమందికి వచ్చే జబ్బు అనుకోండి. రెట్టింపైతే ఇరవై మందికి. మిగతా ఎనభై మందికి అప్పుడూ రాదు. మీరేమో ఆ ఇరవైలోనే అత్తయ్యను కూర్చోబెట్టేసి రాత్రుళ్లు నిద్ర మానేశారు.

అంతకన్నా ముఖ్యమైనది, ఏది ముందు, ఏది వెనక అన్నది. బ్రిటన్‌లో వైట్‌హాల్ అధ్యయనమని ఒకటుంది. సుమారు 10,000 మంది ప్రభుత్వోద్యోగులను 28 ఏళ్లపాటు గమనించి 2017లో ఫలితాలు ప్రచురించారు. నడివయసులో డిప్రెషన్ లక్షణాలు ఉన్నవాళ్లకు ఆ కారణంగా డిమెన్షియా ఎక్కువగా వచ్చినట్టు కనిపించలేదు. కానీ డిమెన్షియా వచ్చినవాళ్ల పాత రికార్డులు తిరగేస్తే, జబ్బు బయటపడడానికి సుమారు 11 ఏళ్ల ముందు నుంచే వాళ్లలో దిగులు లక్షణాలు మిగతావాళ్లకన్నా ఎక్కువవుతూ వచ్చాయి. అంటే కొందరిలో ఆ దిగులు డిమెన్షియాకు కారణం కాదు, దాని తొలి జాడ. నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో జరిగిన ఇంకో అధ్యయనం 2016లో వచ్చింది. అందులో ఏడాదికేడాదికీ దిగులు పెరుగుతూ పోయినవాళ్లలోనే డిమెన్షియా ముప్పు ఎక్కువ కనిపించింది. ఒకప్పుడు లక్షణాలు బాగా ఉండి తర్వాత తగ్గినవాళ్లకు ముప్పు పెరగలేదు. కాబట్టి ఈరోజు మార్కులెన్ని అన్నదానికన్నా, వచ్చే ఏడాది రెండేళ్లలో ఆ గీత పైకి పోతోందా కిందికి దిగుతోందా అన్నదే చూడాల్సింది.

డిప్రెషన్ వల్ల మెదడుకు చేటు జరగదని నా ఉద్దేశం కాదు. మనిషి కదలడం మానేస్తారు, నలుగురితో కలవరు, బీపీ, షుగర్ మాత్రలు సరిగా వేసుకోరు. ఇవన్నీ మెదడుకు మంచివి కావు. అందుకే డిమెన్షియా నివారణ మీద లాన్సెట్ అనే వైద్యపత్రిక వేసిన కమిషన్ 2024లో ఇచ్చిన నివేదికలో, మనం మార్చగలిగే 14 కారణాల్లో డిప్రెషన్ కూడా ఉంది. ఆ 14నూ పూర్తిగా తొలగించగలిగితే దాదాపు 45 శాతం డిమెన్షియా కేసులు తప్పడమో ఆలస్యం కావడమో జరుగుతుందని వాళ్ల అంచనా. ఆ 45లో డిప్రెషన్ వాటా 3. వినికిడి లోపం వాటా 7! మీరందరూ మొదటిదాని గురించి కొట్టుకుంటున్నారు. రెండోదానికి విరుగుడు కొని సొరుగులో పెట్టారు. ఆ మిషన్ ఎందుకు పెట్టుకోవట్లేదో అడిగారా? చాలావరకు గోల ఎక్కువగా వినిపిస్తోందనో, చెవిలో గుచ్చుకుంటోందనో ఉంటుంది. కొన్నచోటే మళ్లీ సరిచేయించాలి, మొదట్లో రోజుకు గంట, రెండు గంటలుగా అలవాటు చేయాలి. వినపడని మనిషి మాటలు తగ్గించేస్తారు, అడిగింది సరిగా వినక "ఏమో" అనేస్తారు. మనమేమో మతిమరుపనుకుంటాం.

డిప్రెషన్‌కు వైద్యం చేస్తే డిమెన్షియా తప్పుతుందని ఇంతవరకు ఎవరూ గట్టిగా రుజువు చేయలేదు. ఇది మీకు నిరాశ కలిగించవచ్చు, కానీ దీనివల్ల మీ నిర్ణయం తేలికవుతుంది. ఆవిడకు వైద్యం అవసరమా అన్నది పదేళ్ల తర్వాత ఏమవుతుందన్నదాని మీద ఆధారపడి లేదు. మూడింటికి లేచి చీకట్లో కూర్చుంటున్నారు, తిండి సహించట్లేదు, బతుకు చేదైంది. ఇంతకన్నా కారణం ఏం కావాలి? డిప్రెషన్ వైద్యంతో తగ్గే జబ్బు. అది తగ్గాక మిగిలేదేమిటో అప్పుడు చూసుకోవచ్చు.

ఎవరి దగ్గరికి వెళ్లాలన్నదానికి మీ ముందు మూడు దారులున్నాయి.

మీవారు చెప్పినట్టు ఆగి చూడడం ఒకటి. చెల్లెలు పోయిన మూడో నెల అయితే నేనూ ఆగమనేవాణ్ణేమో. ఏడాది దాటాక, బరువు తగ్గుతున్నాక, ఆ మాట అన్నాక, ఆగడం వల్ల కలిసొచ్చేది ఏమీ లేదు.

నేరుగా న్యూరాలజిస్ట్ దగ్గరికి వెళ్లి స్కాన్ తీయించడం ఇంకొకటి. ఇంట్లో ఎక్కువమంది దీనికే ఒప్పుకుంటారు, మెదడు డాక్టరంటే పరువు తక్కువేం కాదు కదా. తప్పు లేదు గానీ రెండు ఇబ్బందులున్నాయి. డిప్రెషన్ ముదిరి ఉన్నప్పుడు జ్ఞాపకశక్తి పరీక్ష పెడితే మార్కులు తక్కువ వస్తాయి. ఆ కాగితం ఇంట్లో ముద్రలా మిగిలిపోతుంది. స్కాన్ రిపోర్టులో "వయసుతో వచ్చే మార్పులు" అని ఒక మాట ఉండొచ్చు. డెబ్బై దాటిన చాలామందికి ఉండేదే, కానీ ఆ మాట పట్టుకుని మీరంతా ఇంకో నెల టెన్షన్ పడతారు.

మూడోది, మామూలు ఫిజీషియన్‌తో మొదలుపెట్టడం. నేనైతే దీనికే మొగ్గుతాను. థైరాయిడ్ తగ్గినా, విటమిన్ బి12 తగ్గినా, రక్తంలో సోడియం పడిపోయినా, రక్తహీనత ఉన్నా మనిషి నీరసంగా, దిగులుగా, మందంగా మారిపోతారు. ఇవన్నీ రక్తపరీక్షతో తేలిపోయేవి. బీపీ, షుగర్ ఎలాగూ చూడాలి. వాడుతున్న మాత్రలన్నీ, మందుల షాపులో అడిగి కొన్నవాటితో సహా, ఒక సంచిలో వేసి డాక్టరు ముందు పోయండి. జలుబుకూ దురదకూ వాడే పాతరకం అలర్జీ మాత్రలు, మూత్రం ఆపుకోలేనివాళ్లకు ఇచ్చే కొన్ని మందులు పెద్దవాళ్లలో మతిని మసకబారుస్తాయి. ఏడాదిగా నడుస్తున్న నిద్రమాత్ర మీద నా అనుమానం ఎక్కువ. ఆ కోవకు చెందిన చాలా మాత్రలు జ్ఞాపకశక్తిని, నడకలో నిలకడను దెబ్బతీస్తాయి. అలాగని ఇది చదివి ఈ రాత్రికే ఆపేయకండి. ఉన్నట్టుండి ఆపితే వణుకు, కంగారు, ఒక్కోసారి ఫిట్స్ కూడా రావచ్చు. డాక్టరు చెప్పినట్టు వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గించాలి.

ఈ దారిలో ఉన్న ప్రమాదం ఒక్కటే. పరీక్షలన్నీ బాగున్నాయనగానే మీ మామయ్యగారు "చూశారా, ఏమీ లేదన్నారు" అని ఫైలు మూసేస్తారు. అందుకని ముందే మాట తీసుకోండి, రక్తపరీక్షల్లో కారణం దొరక్కపోతే పది రోజుల్లో సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్దామని. పెద్దవాళ్లకు ప్రత్యేకంగా చూసే సైకియాట్రిస్ట్ మీకు అందుబాటులో ఉంటే మరీ మంచిది. బి12 తక్కువుందని తేలినా అంతా దానివల్లే అనుకుని ఊరుకోకండి.

ఉన్నట్టుండి ఒకటి రెండు రోజుల్లో అయోమయం పెరిగినా, మనుషుల్ని గుర్తుపట్టకపోయినా, పడి తలకు దెబ్బ తగిలాక కొన్ని రోజులకో వారాలకో మగతగా ఉంటున్నా, మూతి వంకరపోయినా, కాలో చెయ్యో పట్టుతప్పినా ఈ వరసలేవీ చూడకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. అది దిగులూ కాదు, నెమ్మదిగా వచ్చే మతిమరుపూ కాదు.

మందుల గురించి మీ భయం న్యాయమైనదే, కానీ మీరు భయపడాల్సిన మందు ఇప్పటికే ఆవిడ దిండు పక్కన ఉంది. డిప్రెషన్ మందుల్లోనూ అమిట్రిప్టిలిన్ లాంటి పాతరకాలు మతిని మందగింపజేస్తాయి, అందుకే ఈ వయసులో వాటిని సాధ్యమైనంత వరకు తప్పిస్తారు. ఇప్పుడు ఎక్కువగా రాసేవి వేరు. అవి నిద్రమాత్రల్లా వ్యసనమైపోవు, కాకపోతే ఉన్నట్టుండి మానకూడదు. వాటికీ కొన్ని పేచీలున్నాయి. మొదటి వారాల్లో కొందరు పెద్దవాళ్లకు సోడియం పడిపోతుంది, కాబట్టి రక్తపరీక్ష మళ్లీ చేయించాలి. ఆస్పిరిన్ లాంటిది వాడుతుంటే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది, డాక్టరుకు చెప్పాలి. తూలి పడే ప్రమాదమూ ఉంది. గుణం కనిపించడానికి నాలుగు నుంచి ఆరు వారాలు, ఈ వయసులో ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది. రెండో వారానికే "ఏం పనిచేయట్లేదు" అని మానేసేవాళ్లే ఎక్కువ.

మందు వద్దనుకుంటే, లేదా మందుతో పాటు, మాటలతో చేసే చికిత్స ఉంది. పెద్దవాళ్లలో కూడా బాగా పనిచేస్తుంది, వయసు అడ్డం కాదు. అందులో ఒక పద్ధతి మీరు ఇంట్లో ఆచరించగలిగిందే. మనసు బాగయ్యాక పని చేద్దామని కూర్చోకుండా, చిన్న పనితో మొదలుపెడితే మనసు దాని వెనక వస్తుందన్నది దాని సూత్రం. నుడికట్టు మొత్తం నింపమనకండి. మీరు పక్కన కూర్చుని నింపుతూ, ఒక గడి దగ్గర ఆగి, ఆవిడ నోరు విప్పినా విప్పకపోయినా ఇంకో గడికి వెళ్లండి. పొద్దున వెలుతురులో పావుగంట నడక, ఎవరో ఒకరు పక్కన ఉండగా. మీవారి పరీక్షలు మాత్రం ఈ రోజే ఆపించండి. ముప్పై ఏళ్లు పిల్లలను ఎక్కాలు అడిగిన మనిషిని కొడుకు ఎక్కాలు అడుగుతున్నాడు! జవాబు చెప్పలేకపోతే ఎంత అవమానమో, చెప్పగలిగినా అంతే అవమానం. ఆవిడ లేచి వెళ్లిపోవడం నాకైతే మతి సరిగ్గా ఉన్నట్టే కనిపించింది.

రెండు మూడు నెలల తర్వాత ఏం చూడాలో కూడా చెబుతాను. మనసు తేలికపడి, దాంతోపాటే లెక్కలూ జ్ఞాపకాలూ తిరిగొస్తే చాలావరకు డిప్రెషన్ పనే అనుకోవచ్చు. అయినా ఏడాదికోసారి జ్ఞాపకశక్తి పరీక్ష చేయిస్తుండాలి, ఎందుకంటే ఇలా మతి తప్పి కోలుకున్నవాళ్లలో తర్వాతి కాలంలో డిమెన్షియా వచ్చే అవకాశం ఇతరులకన్నా ఎక్కువే. మనసు కుదుటపడినా మతిమరుపు అలాగే ఉంటే అప్పుడు న్యూరాలజిస్ట్, స్కాన్, పూర్తిస్థాయి పరీక్షలు. అప్పుడైతే ఆ మార్కులకు విలువ ఉంటుంది. ఇక మూడో సంగతి కొంచెం సూక్ష్మం. ఏడుపూ లేదు, బాధా లేదు, "నాకెందుకులే" అన్నట్టు దేనిమీదా ఆసక్తి లేకుండా కూర్చుంటే దాన్ని డాక్టర్లు దిగులుగా కాక ఉదాసీనతగా చూస్తారు, అది మెదడు జబ్బులో భాగం కావచ్చు. అల్జీమర్స్‌తో పాటు ఉన్న డిప్రెషన్‌కు సాధారణంగా వాడే సెర్‌ట్రలిన్, మిర్టజపిన్ అనే రెండు మందులను 2011లో బ్రిటన్‌లో పరీక్షిస్తే, మందు లేని ఉత్తుత్తి మాత్రకన్నా మెరుగ్గా పనిచేయలేదు. అలాంటప్పుడు మందులు మార్చుకుంటూ పోవడంకన్నా రోజువారీ క్రమం, తోడు, చూసుకునేవాళ్లకు విశ్రాంతి, వీటిమీద దృష్టి పెట్టాలి.

మీ ఆడపడుచు అబద్ధం చెప్పట్లేదు. ఫోన్లో పది నిమిషాలు కూతురి కోసం గొంతు సవరించుకుని మాట్లాడగలరు, డిప్రెషన్‌లోనూ, డిమెన్షియా మొదట్లోనూ. వాదించి లాభం లేదు. వచ్చి పది రోజులు ఉండమనండి, తల్లి గదిలోనే పడుకోమనండి. తెల్లవారుజామున మూడింటికి ఆవిడే చూస్తుంది. రావడం కుదరదంటే, డాక్టరు దగ్గర కూర్చున్నప్పుడు ఫోన్లో ఆవిణ్ణి కూడా కలపండి. కోడలు మోసుకొచ్చిన మాటకన్నా డాక్టరు నోటివెంట విన్నమాట ఎక్కువ పనిచేస్తుంది. ఇది అన్యాయమే గానీ నిజం. అదే కారణంతో, డాక్టరు దగ్గరికి వెళ్దామన్న ప్రస్తావన మీరు కాకుండా మీవారు తెస్తే మంచిది. మీరంటే "నన్ను పిచ్చిదాన్ని చేస్తున్నారు" అన్న మాట రావడానికి ఎంతోసేపు పట్టదు. మీవారి "వయసు" అనే మాట వెనక అమ్మమ్మ భయం ఉందని నా అనుమానం. పెద్దవయసులో తల్లికో తండ్రికో డిమెన్షియా వస్తే పిల్లలకు ముప్పు కొంత పెరుగుతుంది, అంతే. తప్పక వచ్చి తీరే వంశపారంపర్య రకాలు బహు అరుదు, అవి సాధారణంగా చిన్న వయసులోనే మొదలవుతాయి. ఈ మాట ఆయనతో విడిగా చెప్పండి.

అత్తయ్యకు ఏమని చెప్పాలన్నారు. డిమెన్షియా అన్న మాట ఇప్పుడు అనక్కర్లేదు, ఎవరూ నిర్ధారించలేదు కాబట్టి. కానీ ఆవిడకు ఆ ఆలోచన రాలేదనుకోకండి. తల్లికి ఏం జరిగిందో కళ్లారా చూసిన మనిషి. "నా బుర్ర పనిచేయట్లేదు" అన్న ప్రతిసారీ లోపల ఆ భయమే ఉండి ఉంటుంది. "అమ్మమ్మలా అవుతుందేమోనని భయంగా ఉందా అమ్మా?" అని మీవారు అడిగితే, ఏడాదిగా ఎవరికీ చెప్పుకోలేనిది బయటికి రావచ్చు. అప్పుడు "అలాంటిదేం లేదు" అని కొట్టేయకండి. దిగులు వల్ల కూడా ఇలా అవుతుందట, అది తగ్గేదట, ముందు అదేనేమో చూపిద్దాం అనండి. వైద్యానికి ఒప్పుకోకపోతే బలవంతం చేసి లాక్కెళ్లొద్దు, ఎక్కడికో అని చెప్పి ఆస్పత్రిలో దింపొద్దు. ఒక్కసారి నమ్మకం పోతే తర్వాత మాత్ర మింగించడం కూడా కష్టమవుతుంది. నిద్ర పట్టట్లేదు కదా, దాని కోసం ఫిజీషియన్‌ను కలుద్దామని అడగండి. అది సాకు కాదు, ఆవిడకున్న బాధే. సరేనన్న రోజునే అపాయింట్‌మెంట్ తీసుకోండి. మీవారు లోపలికి వెళ్లేటప్పుడు ఆవిడ మధ్యమధ్య అంటున్న మాటలు, బరువు ఎంత తగ్గింది, నిద్ర ఎన్ని గంటలు, మలుపు దాటిపోయిన సంగతి, అన్నీ ఒక కాగితం మీద రాసి ముందుగానే డాక్టరు చేతికివ్వాలి. ఆవిడ ఎదురుగా కూర్చోబెట్టి ఆవిడ తప్పులన్నీ ఏకరువు పెట్టకూడదు.